కండబలం వెనుక శాస్త్రబలం

పర్సనల్ ట్రైనర్ వృత్తిలోకి రావాలనుకునే మనవాళ్ళకి వ్యాయామ శాస్త్రంలో మొదటి పాఠాలు

భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పగానే మనలో చాలామందికి ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, పిల్లల లుకేమియాకి వాడిన తొలి మందు గుర్తుకొస్తాయి. వాటికన్నా ముందు, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఆయన చేసిన పనిని మాత్రం మన సావనీర్లలో ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాం. నిజానికి ఈ దేశంలో ఏ జిమ్‌లో ఎవరు ఏ బరువు ఎత్తుతున్నా, ఆ ఎత్తడం వెనుక జరిగే మొదటి రసాయన చర్యని లోకానికి చూపించిన ఇద్దరిలో ఆయన ఒకరు.

నేను పదిహేడేళ్ళు డేటాబేస్ ఉద్యోగం చేసి, యాభయ్యో పడికి దగ్గరలో పర్సనల్ ట్రైనర్ పరీక్షకి కూర్చున్నాను. ప్రస్తుతం న్యూజెర్సీలో మనవాళ్ళకే ఎక్కువగా తర్ఫీదు ఇస్తున్నాను. "నేను కూడా ట్రైనర్ అవుదామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్ళలో పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయాక తీరిక దొరికిన తల్లులున్నారు, లేఆఫ్ అయిన సాఫ్ట్‌వేర్ వాళ్ళున్నారు, డిగ్రీలో కైనీసియాలజీ తీసుకుంటామని పట్టుబట్టి అమ్మానాన్నల్ని కంగారు పెట్టిన పిల్లలూ ఉన్నారు. అందరికీ నేను చెప్పే మాట ఒక్కటే. ట్రైనర్‌కి కండలుంటే మంచిదే, కానీ ఎదుటివాళ్ళ కండరంలో ఏం జరుగుతోందో తెలియడం అంతకన్నా ముఖ్యం. వ్యాయామం మందులాంటిది. దానికీ మోతాదు ఉంటుంది. ఆ మోతాదు తెలిసినవాళ్ళు మనలోంచే, మన భాషలో మాట్లాడగలిగినవాళ్ళు, ఇంకా చాలామంది కావాలి.

మనవాళ్ళకే ప్రత్యేకంగా ఎందుకు?

నలభై, నలభై అయిదేళ్ళ వాళ్ళు ఉన్నట్టుండి గుండెపోటుతో పోయారన్న కబురు మన వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి ఎన్నిసార్లు వస్తోందో మీకు నేను చెప్పనక్కర్లేదు. "నిన్నటిదాకా బాగానే ఉన్నాడండీ, లావు కూడా కాదు" అనే మాట దాదాపు ప్రతిసారీ వినిపిస్తుంది. ఆ "లావు కాదు" అన్న మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి.

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో ఒకటి వచ్చింది. ఒకరు పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్. ఇద్దరి బీఎమ్ఐ ఒక్కటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. కానీ కొలిచి చూస్తే ఒంట్లో కొవ్వు యుడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! కాళ్ళూ చేతులూ సన్నగా, పొట్ట చుట్టూ కొవ్వు, కండ తక్కువ. మన పెళ్ళి ఆల్బమ్‌లు తీసి చూసుకుంటే ఈ రూపం మనకి కొత్తేమీ కాదు.

అమెరికాలో ఉన్న దక్షిణాసియా వాళ్ళ గుండె ఆరోగ్యం మీద 2010లో మసాలా అనే అధ్యయనం మొదలైంది. పేరు సరదాగా ఉన్నా ఫలితాలు మాత్రం సరదాగా లేవు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగోల్లోని మనవాళ్ళని ఇక్కడి ఇతర జాతులవాళ్ళతో పోల్చి చూస్తే, మనకి కండ తక్కువగానూ, కాలేయంలో కొవ్వు ఎక్కువగానూ కనిపించింది. ఇలాంటి సంగతుల వల్లనే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా మూలాలున్నవాళ్ళకి బీఎమ్ఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే షుగర్ పరీక్ష మొదలుపెట్టమని చెప్పింది. 2018లో వచ్చిన కొలెస్టరాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాన్ని గుండెజబ్బు ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా పేర్కొన్నాయి.

ఇందులో ట్రైనర్ పాత్ర ఏమిటి? మనం తిన్న అన్నంలోంచి వచ్చే గ్లూకోజ్‌ని దాచుకునే పెద్ద గాదె కండరమే. గాదె చిన్నదైతే ధాన్యం వాకిట్లో పడి ఉంటుంది. రక్తంలో చక్కెర సంగతీ అంతే. ఇంకో విశేషం ఏమిటంటే, పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడదు. తన తలుపులు తనే తెరుచుకుని గ్లూకోజ్‌ని లోపలికి లాక్కుంటుంది. భోజనం చేశాక పది పదిహేను నిమిషాల నడక షుగర్‌ని తగ్గించడానికి కారణం ఇదే. ఇక ముప్ఫై దాటిన దగ్గర్నుంచి, వాడకపోతే, పదేళ్ళకి సుమారు 3 నుంచి 8 శాతం కండ కరిగిపోతుంది. అసలే తక్కువ కండతో మొదలుపెట్టిన మనకి ఇది మరీ నష్టం. అందుకని "రోజూ వాకింగ్ చేస్తున్నానండీ, చాలదా?" అని అడిగేవాళ్ళకి, నడక మానొద్దు, దానికి తోడు కండని పెంచే పని కూడా వారానికి రెండు రోజులు కావాలి అని చెప్తాను.

ఏటీఎమ్ కాదు, ఏటీపీ

కండరం ముడుచుకోవాలంటే దానికి చెల్లే నాణెం ఒక్కటే. దాని పేరు ఏటీపీ. అన్నం, పప్పు, నెయ్యి, ఏది తిన్నా చివరికి ఈ నాణెంగా మారితేనే కండరం పుచ్చుకుంటుంది. చిక్కేమిటంటే, కండరం జేబులో ఈ చిల్లర రెండు మూడు సెకన్లకి మించి ఉండదు. అయిపోగానే వెంటనే మార్చుకోవడానికి పక్కనే ఇంకో నోటు సిద్ధంగా ఉంటుంది. అదే ఫాస్ఫోక్రియేటిన్. సైరస్ ఫిస్కేతో కలిసి మన సుబ్బారావు గారు 1927లో కనిపెట్టింది ఈ నోటునే. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టుకున్నారు. 1929లో ఫిస్కే, సుబ్బారావులు ఏటీపీని కూడా కండరంలోంచి వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఆ పని చేశాడు.

ఈ పని ఎంత పెద్దదో తెలియాలంటే అంతకు ముందు సంగతి చూడాలి. కండరం పనిచేయడానికి కారణం లాక్టిక్ యాసిడ్ అని అప్పట్లో గట్టిగా నమ్మేవారు. కండరం మీద పరిశోధనలకి హిల్, మేయర్‌హాఫ్‌లకి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నమ్మకాన్ని ఫాస్ఫోక్రియేటిన్ కదిలించింది. లాక్టిక్ యాసిడ్ తయారవకుండా ఆపేసినా కండరం కొంతసేపు పనిచేస్తూనే ఉంటుందని 1930లో డెన్మార్క్‌కి చెందిన లుండ్స్‌గార్డ్ చూపించడంతో పాత సిద్ధాంతం పక్కకి తప్పుకుంది. సుబ్బారావు గారు పనిచేసిన అదే హార్వర్డ్‌లో, అదే 1927లో, ఫెటీగ్ లేబొరేటరీ అనే పరిశోధనశాల మొదలైంది. అమెరికాలో వ్యాయామ శాస్త్రానికి పునాది వేసిన చోటుగా దాన్ని చెప్పుకుంటారు. 1947లో అది మూతపడేసరికి అక్కడ పనిచేసినవాళ్ళు దేశమంతా ఈ శాస్త్రాన్ని తీసుకెళ్ళారు.

ఇక పరీక్షకి కావలసిన పాఠంలోకి వద్దాం. ఏటీపీని తయారుచేసే దారులు మూడు. వీటిని గుర్తుపెట్టుకోవడానికి ముగ్గురు తెలుగు ఆడపడుచుల్ని తలుచుకుంటే చాలు.

మొదటిది ఫాస్ఫోక్రియేటిన్ దారి. సుమారు పది సెకన్ల గట్టి పని. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది గదా, ఆ కొద్ది సెకన్లలో ఖర్చయింది ముఖ్యంగా ఈ ఖాతాలోంచే. ఖాళీ అయిన ఈ ఖాతా మళ్ళీ దాదాపుగా నిండడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. బాగా బరువులెత్తేవాళ్ళని సెట్‌కీ సెట్‌కీ మధ్య అంతసేపు కూర్చోబెట్టడానికి కారణం ఇదే. వాళ్ళు ఫోన్ చూసుకుంటున్నారని విసుక్కోకండి!

రెండోది ఆక్సిజన్ కోసం ఆగకుండా గ్లూకోజ్‌ని విరిచేసుకునే దారి. అరనిమిషం నుంచి రెండు నిమిషాల దాకా సాగే తీవ్రమైన పనికి ఇదే పెద్ద దిక్కు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లని 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చింది. ఆఖరి వంద మీటర్లలో కాళ్ళు మండిపోయే పరుగు అది. ఇక్కడ ఒక అపోహ తీసెయ్యాలి. జిమ్‌కి వెళ్ళిన రెండో రోజు మెట్లు దిగలేక అవస్థపడతామే, ఆ నొప్పికి కారణం లాక్టిక్ యాసిడ్ కాదు. అది గంటా గంటన్నరలో రక్తంలోంచి వెళ్ళిపోతుంది. అలవాటు లేని పని వల్ల కండరపు పోగుల్లో కలిగే చిన్న చిన్న చిరుగుళ్ళు, వాటి మరమ్మతు వల్ల వచ్చే నొప్పి అది.

మూడోది ఆక్సిజన్‌తో కొవ్వునీ గ్లూకోజ్‌నీ నెమ్మదిగా వాడుకునే దారి. ఇది పొలం పుట్రా ఉన్న ఆసామి లాంటిది, తొందరగా కరగదు. 2017 ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్లో పి.వి.సింధు, ఒకుహారా 110 నిమిషాలు ఆడారు. ఒక్కో స్మాష్ మొదటి దారి, పొడుగాటి ర్యాలీ రెండో దారి, అంతసేపు నిలబెట్టింది మూడో దారి. అంటే ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగే లైట్లు కావు. ఎప్పుడూ మూడూ పనిచేస్తూనే ఉంటాయి, వాటాలు మారుతుంటాయి.

"క్రియేటిన్ పొడి వాడొచ్చా?" అని మన కుర్రాళ్ళు తప్పకుండా అడుగుతారు. క్రియేటిన్ మాంసం, చేపల్లో ఉంటుంది, శాకాహారుల కండరాల్లో నిలవ కొంచెం తక్కువ. రోజుకి 3 నుంచి 5 గ్రాముల మోనోహైడ్రేట్ మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి, ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకి అది సురక్షితమనే తేలింది. కిడ్నీ సమస్యలున్నవాళ్ళు డాక్టర్ని అడగాలి. ట్రైనర్ ఇంతవరకు చెప్పి ఆగాలి, డబ్బాలు అమ్మే పని పెట్టుకోకూడదు.

నాలుగు సూత్రాలు

మన ఊళ్ళల్లో తాలింఖానాలు ఉన్న రోజుల్లో దండీలు, బస్కీలు, సంగిడి రాళ్ళు అన్నీ ఉండేవి. వస్తాదు మొదటిరోజే పెద్ద రాయి ఎత్తమనేవాడు కాదు. ఆ అనుభవ జ్ఞానానికి శాస్త్రం తర్వాత పేర్లు పెట్టింది.

ఒకటి, భారం క్రమంగా పెరగాలి. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న సైనికులకి షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో చికిత్స చేస్తూ డాక్టర్ థామస్ డిలోర్మ్ 1945లో ఈ పద్ధతిని ప్రకటించాడు. మోకాళ్ళు దెబ్బతిన్నవాళ్ళ చేత బరువులెత్తించడమేమిటని ఆశ్చర్యపోయే కాలం అది. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువుని కొలమానంగా పెట్టుకుని, బలం పెరిగేకొద్దీ బరువు పెంచుతూ పోయాడు. ఈనాటి జిమ్ కార్డుల్లో "పది సార్లు, మూడు సెట్లు" అని రాసి ఉండడానికి మూలం అక్కడే.

రెండు, ఏ పని చేస్తే దానికే ఒళ్ళు అలవాటు పడుతుంది. ఇండియా నుంచి పిల్లల దగ్గరకి వచ్చిన ఒక పెద్దాయన "ఈ వయసులో బరువులేంటమ్మా నాకు?" అన్నారు. "బాబాయిగారూ, మనవణ్ణి ఎత్తుకుంటున్నారా?" అని అడిగాను. "ఎత్తుకోకపోతే ఊరుకుంటాడా వాడు!" అన్నారు. "వాడు పన్నెండు కిలోలుంటాడు. మీరు ఎత్తే బరువుకి నడుము నొప్పి రాకుండా ఎలా ఎత్తాలో నేర్పుతాను, అంతే" అన్నాను. ఆయనకి నేనిచ్చిన మొదటి వ్యాయామం చేతులు ఆనకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. పూజలో కింద కూర్చుని లేవలేకపోతున్న మన అమ్మలకి కావలసింది కూడా తొడల్లో, పిరుదుల్లో ఆ బలమే.

మూడు, మానేస్తే పోతుంది. ఆరు నెలలు కష్టపడి, పెళ్ళికని ఇండియా వెళ్ళి నాలుగు వారాలు ఒళ్ళు కదపకుండా వస్తే, ముందుగా తగ్గేది ఆయాసం ఓర్చుకునే శక్తి. బలం కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది. అందుకే ప్రయాణానికి ముందే గదిలో చేసుకోగలిగిన ఇరవై నిమిషాల పని రాసి ఇవ్వండి.

నాలుగు, ఏ ఇద్దరి ఒళ్ళూ ఒకటి కాదు. పక్కింటి ఆవిడ ప్రోగ్రాం ఈవిడకి పనికిరాదు. దీనికి తోడు విశ్రాంతి. కండ పెరిగేది బరువెత్తేటప్పుడు కాదు, ఎత్తాక తిని నిద్రపోయేటప్పుడు. రాత్రి పన్నెండుకి ఆఫ్‌షోర్ కాల్స్, పొద్దున్న అయిదుకి జిమ్ అనేవాళ్ళకి ముందు నిద్ర గురించే చెప్పాలి.

మోతాదు ఎలా నిర్ణయించాలి?

వారానికి ఎన్నిసార్లు, ఎంత తీవ్రంగా, ఎంతసేపు, ఏ రకం. ఈ నాలుగూ రాయని ప్రోగ్రాం డోసు రాయని మందుచీటీ లాంటిది. 2018లో వచ్చిన అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం, దానితో పాటు కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ పని కావాలి. ఒక్కో విడత పది నిమిషాలైనా ఉండాలన్న పాత నిబంధన తీసేశారు. ఆఫీసు మెట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

మెట్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. లండన్‌లో డబుల్ డెక్కర్ బస్సుల మీద జెరెమీ మోరిస్ బృందం చేసిన అధ్యయనం 1953లో వచ్చింది. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళందరం డ్రైవర్ సీట్లోనే ఉన్నామని వేరే చెప్పాలా?

తీవ్రత కొలవడానికి 220లోంచి వయసు తీసేసే లెక్క అందరికీ తెలుసు. అరవై ఏళ్ళ మనిషికి 160 వస్తుంది. 2001లో తనకా బృందం ఇచ్చిన లెక్క, అంటే 208లోంచి వయసులో పదింట ఏడో వంతు తీసేస్తే, 166 వస్తుంది. ఏ లెక్క వాడినా అసలు మనిషిలో పది అటూ ఇటూ ఉండడం మామూలే. పైగా బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్ర వేసుకునేవాళ్ళ గుండె అంత వేగం అందుకోదు. వాచీలో అంకె చూసి "ఇంకా వేగంగా, ఇంకా వేగంగా" అని తరిమితే ప్రమాదం. అక్కడ మాటల పరీక్ష మేలు. నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాడలేకపోవాలి. ఘంటసాల పాట హాయిగా ఎత్తుకోగలిగితే వేగం పెంచొచ్చు, మాట కూడా పెగలకపోతే తగ్గించాలి.

ముందు ప్రశ్నలు, తర్వాతే డంబెల్స్

కొత్తగా వచ్చినవాళ్ళని అడగకుండా వదలకూడని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇంతవరకు వ్యాయామం అలవాటుందా? గుండెజబ్బు, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నాయా? నడిచేటప్పుడు ఛాతీలో బరువు, మామూలుకి మించిన ఆయాసం, కళ్ళు తిరగడం ఉన్నాయా? ఏ మందులు వాడుతున్నారు? లక్షణాలుంటే ముందు డాక్టర్ దగ్గరకే పంపాలి.

మన భాష, మన ఇల్లు తెలిసిన ట్రైనర్ విలువ ఇక్కడే తెలుస్తుంది. ఇంగ్లీషు ఫారంలో "లక్షణాలు లేవు" అని టిక్కు పెట్టిన పెద్దావిడ, "అమ్మా, మెట్లెక్కుతుంటే ఎలా ఉంటోంది?" అని అడిగితే, "గుండెల మీద రాయి పెట్టినట్టుంటుందమ్మా, గ్యాసేలే" అంటారు. ఆ "గ్యాసేలే" అన్న మాట వినగానే వ్యాయామం ఆపి, ఆ రోజే డాక్టర్ని చూడమని ఇంట్లోవాళ్ళకి చెప్పాలి. అది కూర్చున్నా తగ్గకపోతే, చెమటలు పడుతుంటే 911కి ఫోన్ చెయ్యాలి. అలాగే "ఇవాళ కార్తీక సోమవారం, ఏమీ తినలేదు, షుగర్ మాత్ర మాత్రం వేసుకున్నాను" అనేవాళ్ళుంటారు. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళకి ఉపవాసం మీద వ్యాయామం చేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాళ్ళకి ఆ రోజు సెలవు ఇచ్చెయ్యండి. మిగతా రోజుల్లో కూడా గ్లూకోజ్ బిళ్ళలో, పళ్ళరసమో దగ్గరుంచుకోండి.

రోగాన్ని నిర్ణయించడం, మందు మార్చడం, నొప్పికి చికిత్స చెయ్యడం ట్రైనర్ పని కాదు. ఆ గీత దాటనివాళ్ళనే డాక్టర్లు నమ్మి మనుషుల్ని పంపిస్తారు.

సర్టిఫికెట్ దారి

డాక్టరుకీ, ఫిజికల్ థెరపిస్టుకీ ఉన్నట్టు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్స్ పద్ధతి ఈ వృత్తికి లేదు. అందువల్ల ఒక్క వారాంతంలో కాగితం చేతిలో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఎన్‌సీసీఏ గుర్తింపు ఉన్న పరీక్షనే ఎంచుకోండి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్, ఎన్ఎస్‌సీఏ, ఏస్, నాసమ్ సంస్థల ట్రైనర్ పరీక్షలు అలాంటివే. 18 ఏళ్ళు నిండాలి, సీపీఆర్ శిక్షణ ఉండాలి. సీపీఆర్ మాత్రం పరీక్ష కోసం కాకుండా నిజంగా నేర్చుకోండి. పరీక్ష ప్యాసయ్యాక లయబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకోండి. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు వర్క్ పర్మిట్ లేకుండా ఫీజు పుచ్చుకోకూడదు. చదువుకోవడానికీ పరీక్ష రాయడానికీ అడ్డులేదు కానీ, పని మొదలుపెట్టే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని ఒకసారి కనుక్కోండి.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. మొదట్లో సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే నిరాశే. జిమ్‌లో గంటల లెక్కన మొదలుపెట్టి, మంచి పేరు వచ్చాక సొంతంగా చేసుకునేవాళ్ళే ఎక్కువ. మనవాళ్ళలో ఆ పేరు ఒకరినుంచి ఒకరికి నోటిమాటగానే పాకుతుంది.

మన సంఘాలకి ఒక విన్నపం. ఉగాదికీ, సంక్రాంతికీ, పిక్నిక్‌లకీ వందలమంది చేరతాం. సాంస్కృతిక కార్యక్రమాల మధ్య ఒక్క అరగంట కేటాయించి, సర్టిఫికెట్ ఉన్న మన ట్రైనర్ ఒకరి చేత పెద్దవాళ్ళకి కుర్చీలోంచి లేవడం, కుర్రాళ్ళకి బరువెత్తే పద్ధతి, అందరికీ సీపీఆర్ నేర్పించండి. ట్రైనర్ కావాలనుకునే మీరు ఆ అరగంట నడపడానికి ముందుకు రండి. ఈ శాస్త్రానికి మొదటి పాఠాల్లో ఒకటి రాసినాయన భీమవరం నుంచి వచ్చాడు, ఆ పాఠం చదువుకోవడానికి మనం మొహమాటపడక్కర్లేదు.